నా మార్జిన్‌లో నూకరత్నం పేరు

నేను ఒక ఫార్మకాలజీ పుస్తకాన్ని. ఏ మందు ఒంట్లో ఏం చేస్తుందో డాక్టర్లకు నేర్పేదాన్ని. వెయ్యి పేజీలు, గట్టి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఇంత ఉండీ, చిలకబొమ్మ అట్ట వేసిన ఒక రూళ్ల నోటుబుక్కును చూసి కళ్లలో నిప్పులు పోసుకుంటున్నాను. దాచడమెందుకు, ఇది నా కడుపుమంట కథే.

మెడికల్ కాలేజీలో నాలాంటి పుస్తకాలు సీనియర్ చేతి నుంచి జూనియర్ చేతికి వెళ్తాయి. పుస్తకంతోపాటు గీతలూ వెళ్తాయి. ఎర్రగీత ఉంటే పరీక్షకు వస్తుంది, నీలంగీత ఉంటే వైవాలో అడుగుతారు. గీత లేనిది ఈ లోకంలోనే లేదు. అలా అయిదుగురి చేతులు మారి మృదుల దగ్గరికి చేరాను. ఆ అమ్మాయి నన్ను చదివే బంగారు పతకం కొట్టింది. ఆనవాయితీ తప్పి, నన్ను ఎవరికీ ఇవ్వకుండా తనతోనే కొండ కింది ఆసుపత్రికి తెచ్చుకుంది. నా గర్వం అంతా ఇంతా కాదు.

మత్తుపదార్థాల అధ్యాయంలో, గంజాయి దగ్గర, అడుగున చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలున్నాయి. అలాంటి పదార్థాలను మన ఒళ్లే తయారు చేసుకుంటుందనీ, వాటిని అందుకునే గ్రాహకాలు మెదడు నుంచి పేగుల దాకా ఉన్నాయనీ, దీన్ని ఎండోకానబినాయిడ్ వ్యవస్థ అంటారనీ, మూర్ఛకు మందుగా గంజాయి మీద పరిశోధన జరుగుతోందనీ. అయిదుగురిలో ఎవరూ అక్కడ గీత గీయలేదు. మృదుల మాత్రం పెన్సిల్‌తో పక్కన రాసింది: "పరీక్షకు రాదు. వదిలెయ్."

పదకొండేళ్ల తర్వాత ఒకరోజు ఓపీ గదిలోకి నూకరత్నం వచ్చింది. భుజం మీద ఆరేళ్ల కూతురు జెస్విత వాలిపోయి ఉంది. ఆ పిల్లకు మూర్ఛలు. మృదులే మాత్ర రాసిచ్చేది.

"మేడమ్‌గారూ, గంజాయి నూనంట, ఎవులో ఇచ్చేరు. ఏసిన కాడ్నుంచి మూర్ఛలు తగ్గేయండి. గానీ నిన్నట్నుంచి పిల్ల సరిగ్గా లెగట్లేదు. మీ మాత్రా ఈ నూనే కలిపితే పడదేటండి?"

"గంజాయి నూనె పోశావా పిల్లకి? నిన్ను పోలీసులకి పట్టించాలి!"

"పట్టించండి. ముందు పిల్లని సూడండి," అని నూకరత్నం చిలకబొమ్మ నోటుబుక్కు బల్లమీద పెట్టింది.

మృదుల పిల్లను పరీక్ష చేసింది. చప్పున నన్ను తీసింది. ఎన్నాళ్లకు! ఆ పేజీ తెరిచి, తన చేతిరాతే చూసి ఆగిపోయింది. నాలుగు వాక్యాలూ మూడుసార్లు చదివింది. ఆ నూనె, ఈ మాత్ర కలిస్తే ఏమవుతుందో నాలో లేదు. వెయ్యి పేజీలుండి ఏం లాభం? నన్ను మూసి నోటుబుక్కు తెరిచింది.

అందులో తేదీ తేదీకీ మూర్ఛకొక నిలువు గీత. నూనె మొదలైన రోజునుంచి గీతలు పలచబడ్డాయి. చుక్కలు పెంచిన రోజునుంచి పక్కన వంకర అక్షరాలు: "మద్దేనం దాకా లెగలేదు. బువ్వ తిన్లేదు." మృదుల ఆ తేదీలన్నీ ఫోన్లో విశాఖలో ఉన్న న్యూరాలజీ సార్‌కి చదివి వినిపించింది.

"ఆ నూనె మీ మాత్రను ఒంట్లో పేరుకుపోయేలా చేస్తుందమ్మా. సీసామీద పేరు లేదంటున్నావు, ఎంత బలమో ఎవరికి తెలుసు? మాత్ర ఒక్కసారిగా ఆపకు. వెంటనే పంపించు."

"ఇది మాకెవరూ చెప్పలేదు సార్."

"నాకు మాత్రం చెప్పారా? ఇలాంటి తల్లుల దగ్గరే నేర్చుకున్నాను."

పిల్ల అంబులెన్సులో వెళ్లింది. నోటుబుక్కూ నూకరత్నం ఒళ్లో కూర్చుని వెళ్లింది. నేను బల్లమీదే ఉన్నాను.

మూడో నెలలో జెస్విత నడుచుకుంటూ వచ్చింది. సార్ పర్యవేక్షణలో ఇప్పుడు కొలత తెలిసిన మందు వాడుతున్నారు. మూర్ఛలు పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు? కానీ మృదుల నూకరత్నాన్ని బతిమాలి ఆ నోటుబుక్కు జిరాక్స్ తీయించి, నా నెత్తినే పెట్టింది. తర్వాత నన్ను తెరిచి, రబ్బరుతో పెన్సిల్ మాట చెరిపి, అక్కడ పెన్నుతో రాసింది: "నూకరత్నం నోట్సు చూడు." కింద ఎర్రగీత గీసింది.

నా ఒంటిమీదే నా సవతి పేరు! కొత్తగా వచ్చిన హౌస్‌సర్జన్లు నన్ను తీసేది ఆ పేజీ కోసమే. తెరుస్తారు, ఆ పేరు చదువుతారు, నన్ను మూసేసి దాన్ని అందుకుంటారు.