దొరసాని ఎందుకు కరుస్తుంది?

"దీన్ని అదుపులో పెట్టడం నీ వల్ల కాకపోతే చెప్పు, ఆదివారం తీసుకెళ్లి గోడౌనులో వదిలేస్తాను. ఎలుకల్ని పట్టుకుని బతుకుతుంది," అన్నాడు మా ఆయన, మణికట్టు మీద గాటుకి మందు రాయించుకుంటూ. రాస్తున్నది నేనే. పిల్లి కరిస్తే తప్పు నాది, దూది తేవడమూ నాదే. దొరసాని మాత్రం కిటికీ గట్టు మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు పాదం నాక్కుంటోంది. ఆ పేరు మా అత్తగారు పెట్టారు. "పిలిస్తే పలకదు, పెడితే వాసన చూసి గానీ ముట్టదు. ఈ ఇంట్లో అలా బతికిన ఆడది ఇదొక్కతే," అంటారావిడ.

పశువుల డాక్టరమ్మ దాని పళ్లు చూసింది, చెవులు చూసింది, పొట్ట నొక్కింది. "జబ్బేం లేదు. కొట్టకండి, చేతులంటే భయం పెరుగుతుంది. గుర్రుమన్నా కసరకండి. అది ముందుగా చెప్పడం. ఆ చెప్పడం మాన్పించారంటే ఇక చెప్పకుండానే కరుస్తుంది. కరిచే ముందు ఏం జరుగుతోందో చూడండి చాలు," అంది.

చూడటం నా ఉద్యోగమే. లాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తపు చుక్కలో తేడా పట్టుకుంటాను. పట్టుకున్నాక మా లాబ్ పెద్దాయన రిపోర్టు కింద సంతకం పెట్టి, "బాగా చూశావమ్మా, కాస్త టీ చెప్పు," అంటాడు. అంతటి కళ్లు ఇంటికొచ్చేసరికి ఏమైపోతాయో! మొదట మా ఆయన ఉంగరం మెరుపు మీద అనుమానపడ్డాను. తీసి చూడమన్నాను. "పిల్లి కోసం ఉంగరం తియ్యాలా? రేపు మీసం తియ్యమంటావా?" అన్నాడు. తీశాడు, పాపం. అయినా కరిచింది.

ఇక దాని తోకనే చూడసాగాను. సాయంత్రం పనులయ్యాక నేను పేము కుర్చీలో కూర్చోగానే దొరసాని ఒళ్లోకి ఎక్కుతుంది. తోక వేలాడేసి కళ్లు మూసుకుంటుంది. ఎదురుగా ఆయన పేపరు మడవగానే దాని తోక చివర కదులుతుంది. పేపరు మడిచాక ఆయన కప్పు అందుకుంటాడు మరి. మా ఇంట్లో టీ ఎవరూ అడగరు. ఖాళీ కప్పుతో సాసరు మీద టంగు టంగుమని కొడతారు, అంతే. ఆ చప్పుడుకి నా మోకాళ్లు వాటంతటవే లేస్తాయి. దొరసాని కింద పడుతుంది. పడి, తిన్నగా ఆ కప్పు మోగించిన చేతి మీదికి వెళుతుంది. ఆయన కేక పెట్టేసరికి నేను వంటింట్లో ఉంటాను. ఇన్నాళ్లూ అది పడటం ఆయన పట్టించుకోలేదు, కరవడం నేను చూడలేదు. ఇద్దరం కలిసి దానికి పొగరన్నాం.

బఠాణీలు ఒలుస్తూ ఈ సంగతి అత్తయ్యకి చెబితే ఆవిడ పడీ పడీ నవ్వారు.

"వీడూ అంతేనమ్మాయ్! చిన్నప్పుడు నా ఒళ్లో నిద్రపోయేవాడు. వాళ్ల నాన్న కప్పు మోగించగానే నేను వీణ్ని కింద పెట్టి లేచేదాన్ని. ఒకరోజు ఉక్రోషమొచ్చి వెళ్లి ఆయన మోకాలు కొరికేశాడు."

"తర్వాత?"

"వీపు వాచింది. మళ్లీ కొరకలేదు." ఆవిడ ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసి, "కప్పు మోగించడం నేర్చుకున్నాడు," అన్నారు.

శనివారం సాయంత్రం టీ కాచి, పొయ్యి మీదే మూతపెట్టి వచ్చి కూర్చున్నాను. దొరసాని ఎక్కింది. పేపరు మడత పడింది. దాని తోక కదిలింది, వీపు మీద చర్మం అలలా వణికింది. టంగు టంగు. నా మోకాళ్లు సిద్ధమయ్యాయి. నా మోకాళ్లనే వింతగా చూస్తూ కూర్చున్నాను. మళ్లీ మోగింది, ఇంకొంచెం గట్టిగా.

"వినపడట్లేదా?"

"వినపడిందండీ. ఒళ్లో పిల్లి ఉంది. టీ పొయ్యి మీద ఉంది, వడగట్టుకోండి."

ఆయన నా వంకా పిల్లి వంకా చూశాడు. లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "వడపోసేది రెండో గూట్లో ఉందిరా, గిన్నెల వెనకాల!"

వంటింట్లో గూళ్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, ఏదో దొర్లింది. కాసేపటికి ఆయన కప్పు పట్టుకుని మా పక్కనుంచే వచ్చాడు. దొరసాని ఒక కన్ను తెరిచి ఆ చేతిని చూసింది. మళ్లీ మూసుకుంది.

"కరవలేదే!" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి.

"ఇక కరవదు. గోడౌనుకి పంపే పనిలేదు."

"చూద్దాం," అంటూ ఆయన నిలబడే ఒక గుక్క తాగాడు. కప్పుని సాసరు మీద పెట్టేటప్పుడు చప్పుడు కాలేదు.

నా కాళ్లు తిమ్మిరెక్కాయి. అయినా కదల్లేదు. ఈ ఇంట్లో కూర్చున్నా కాళ్లు తిమ్మిరెక్కుతాయని నాకు ఆ రోజే తెలిసింది.