అతని గదిలో రాని తప్పు

కత్తెర కనబడటం లేదని అత్తగారు పిలిచేసరికి ఆమె భోజనాల బల్ల మీది ల్యాప్‌టాప్ మూత వేసి లేచింది. వేయకపోతే పాప వచ్చి మీటల మీద దరువు వేస్తుంది. గుమ్మం దాటిందో లేదో, "అక్కర్లేదులే, దొరికింది" అని వినబడింది. వెనక్కొచ్చి మూత తెరిస్తే కెమెరా మళ్లీ మాయం.

ఆమె, ఆమె భర్త ఒకే కంపెనీలో, ఒకే జట్టులో ఉన్నారు. యంత్రానికీ దాని కెమెరా, మైకు లాంటి పరికరాలకూ మధ్య మాట కలిపే కెర్నెల్ మీద వాళ్ల పని. ఈమధ్య అతను దానికో కొత్త ప్యాచ్, అంటే చిన్న సవరణ, వేశాడు. అప్పటినుంచీ ఆమె కెమెరా ఉన్నట్టుండి కనబడకుండా పోతోంది. ఫిర్యాదు రాస్తే, "నా దగ్గర రావట్లేదు" అని ఒక్క ముక్క రాసి మూసేశాడు. "ఇంట్లో ధ్యాస ఎటో పెట్టి మీరే ఏదో కదిపి ఉంటారు" అని మేనేజరు అంటే, అందరితో పాటు అతనూ నవ్వాడు.

ఆమెకు కుళ్లుగా ఉంది. అతని తెలివి చూసి కాదు, అతని తలుపు చూసి. "నాన్న పనిలో ఉన్నాడమ్మా, అటు వెళ్లకు" అని అత్తగారు పాపకు చెప్పే గుసగుస విని. చల్లారిందేమోనని లోపలికి వెళ్లే రెండో కప్పు టీ చూసి. ఎవరి నగలు చూసీ ఏనాడూ కళ్లు కుట్టని మనిషికి, కట్టుకున్నవాడి గది గడియ చూస్తే కడుపు మండిపోతోంది. సిగ్గుగానే ఉంది. సిగ్గుపడితే మంట తగ్గుతుందా?

ఈసారి మూత వేసి, ల్యాప్‌టాప్ అంచున వెలిగే చిన్న దీపం ఆరేదాకా ఆగి తెరిచింది. కెమెరా ఉంది. మళ్లీ వేసి, దీపం ఆరకముందే తెరిచింది. లేదు. యంత్రం సగం నిద్రలో ఉండగా లేపితే, కొత్త ప్యాచ్ కెమెరాను పలకరించడం మరిచిపోతోంది. అతని గదిలో ఈ తప్పు ఎందుకొస్తుంది? పొద్దున తెరిచిన మూత పని మధ్యలో వేయాల్సిన అవసరం అతనికి ఎప్పుడు పడింది గనుక.

వెళ్లి తలుపు తోసింది.

"తప్పు దొరికిందండీ. ఇవాళ మీరు భోజనాల బల్ల దగ్గర చేసుకోండి, నేనిక్కడ కూర్చుంటా."

"ఎలా వస్తోందో చెప్పొచ్చుగా."

"చెబితే నమ్మలేదుగా. మీరే చూడండి."

సరదాగానే తన ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లి కూర్చున్నాడు. చాలాసేపటికి, "నాకేం రావట్లేదోయ్" అని బయటినుంచి అరిచాడు. అంతలో తలుపు చప్పుడైంది. అత్తగారు.

"అమ్మాయ్, పాప సాక్సు ఇంకోటి ఎక్కడ పెట్టావ్?"

బల్ల దగ్గర కూర్చున్న కొడుకును దాటుకుని, మూసిన తలుపు కొట్టింది ఆవిడ. ఆమెకు ఒళ్లు మండింది. కుర్చీ మారింది గాని, అతన్ని కదపకూడదన్న రూలు అతని వెంటే వెళ్లింది.

"ఇవాళ ఆయన్ని పిలవండి అత్తయ్యా."

"వాడు పనిలో ఉన్నాడుగా."

"మీరు పిలిస్తేనే ఆయన పని అవుతుంది. ఏది కనబడకపోయినా పిలవండి. దొరికితే అక్కర్లేదని చెప్పండి, చాలు."

ఆవిడ వింతగా చూసి వెళ్లింది. మొదట మొహమాటపడింది గాని, అలవాటు కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మధ్యాహ్నానికి బయటినుంచి అతని గొంతు వినబడింది.

"ఏమోయ్, కెమెరా పోయింది. ఒకసారి రా."

ఆమె లేవలేదు. రేపటినుంచి కూడా ఈ గది తనదేనన్న మాట అతనికి సాయంత్రం చెప్పొచ్చు.