అత్త ఫోన్ తీసినంత కాలం

ఇంట్లో అలికిడి లేకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? బయటికెళ్ళి ఉంటారులే అనుకుంటారు. ఆమె అలా పెరగలేదు. కుర్చీ మీద తువ్వాలు వేలాడుతూ, స్నానాల గదిలో కుళాయి కారుతూ, పిలిస్తే ఎవరూ పలక్కపోతే చాలు, అందరూ తనను వదిలేసి పోయారనుకునేది. వెంటనే మేనత్తకు ఫోన్ చేసేది.

"అత్తా, మోకాలు నొప్పి ఎలా ఉంది?"

"నొప్పీ ఉంది, నేనూ ఉన్నాను. ప్రభువు రాకడ ఇంకా రాలేదు గానీ పోయి పని చూసుకో," అనేది అత్త.

నలభై దాటిన ఆడమనిషి, కళ్ళద్దాల కొట్టులో రోజంతా అద్దాలు ఫ్రేములకు సరిపోయేలా అరగదీసే మనిషి, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి ఇలా చేస్తుందంటే ఎవరు నమ్ముతారు? పాపమంతా వాళ్ళ నాన్నది. ఆయన రాకడ ప్రసంగి, అంటే క్రీస్తు మళ్ళీ వచ్చే రోజు గురించి ప్రసంగాలు చేసేవాడు. గుడ్డ మీద వేయించిన పెద్ద పటం గోడకు తగిలించి, ఒక్కో బొమ్మా కర్రతో చూపిస్తూ, ఏడు తలల మృగం ఏ రాజ్యమో, ఏ బూర వెనక ఏ తెగులు వస్తుందో విప్పి చెప్పేవాడు. మృగానికి కూడా అంతగా భయపడని జనం, పరలోకానికి ఎత్తబడే ఘట్టానికి వచ్చేసరికి వణికిపోయేవారు. రెప్పపాటులో నిజమైన విశ్వాసులు మాయమైపోతారు. విప్పిన చెప్పులు విప్పినట్టే ఉంటాయి, పొయ్యి మీద పాలు పొయ్యి మీదే ఉంటాయి. పొలంలో ఇద్దరుంటే ఒకరు పోతారు, ఒకరు ఉండిపోతారు. ఆ ఉండిపోయినవాళ్ళ గతి చిన్నపిల్లల ముందు చెప్పకూడదన్న జ్ఞానం ఆయనకు లేకపోయింది.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పారుతున్నాయి. అమ్మ చెప్పులు గుమ్మంలో ఉన్నాయి, నాన్న కళ్ళజోడు బల్ల మీద ఉంది, మనుషులు లేరు. వెనకింటి గోడ కూలితే అందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే పెరటి దారిన పరిగెత్తారు, అంతకంటే ఏమీ లేదు. కానీ ఆ పిల్లకు గోడ సంగతి తెలియదు, పటం సంగతి తెలుసు. అందరూ వెళ్ళిపోయారు, తనొక్కతే పనికిరాలేదు. సాయంత్రం అత్త వచ్చి చూసేసరికి తలుపు మూల ముడుచుకుని, ఏడవడానికి కూడా భయపడి కూర్చుని ఉంది.

"పిచ్చిదానా! పోవాల్సివస్తే అందరికంటే ముందు పోయేది నేనే. ఇంత భక్తురాలు ఈ వీధిలో ఇంకొకతి ఉందా?" అంది అత్త, పిల్లను ఒళ్ళోకి లాక్కుని. "భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి. నేను తీశానంటే ఇంకా రాలేదన్నట్టే."

అత్త మాట మీద నిలబడింది. స్నానంలో ఉన్నా, ప్రార్థనలో ఉన్నా తీసేది. పెళ్ళయ్యాక ఆమె నాన్న పెట్టే ప్రార్థన కూటాలకు వెళ్ళడం మానేసింది, పటాన్ని నమ్మడం మానేసింది. ఫోన్ చేయడం మాత్రం మానలేకపోయింది.

అలాంటి అత్త ఒకనాడు నిద్రలోనే కన్నుమూసింది.

అమ్మ పోయినప్పటి నుంచీ నాన్నా అత్తా, అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. చూపు మందగించిన తండ్రిని ఒంటరిగా వదల్లేక ఆమె తన ఇంటికి తెచ్చుకుంది. గుమ్మంలోనే చెప్పేసింది: "ఉన్నన్నాళ్ళు ఉండండి నాన్నా. కానీ నా కూతురి దగ్గర రాకడ మాటెత్తారంటే ఊరుకోను. ఆ భయం దానికి అంటకూడదు."

"ఎత్తనమ్మా," అన్నాడాయన.

ఎత్తలేదు కూడా. మనవరాలికి లెక్కలు చెప్పేవాడు, దానితో ఆడి కావాలని ఓడిపోయేవాడు. మిగతా వేళంతా ఆమె కొట్టు నుంచి తెచ్చిచ్చిన భూతద్దంతో బైబిల్లో ఒకే పుట మీద వాలి ఉండేవాడు. ఒక ఉదయం పిల్ల బడికి వెళ్ళాక వంటగదిలోకి వచ్చాడు.

"అమ్మాయ్, నోవహు రోజుల్లో జలప్రళయం వచ్చినప్పుడు నీళ్ళు ఎవరిని పట్టుకుపోయాయి?"

"చెడ్డవాళ్ళని. మళ్ళీ మొదలెట్టకండి నాన్నా."

"మరి ఉండిపోయింది ఎవరు?"

"నోవహు."

"ప్రభువు తన రాకడ కూడా ఆ రోజుల్లాగే ఉంటుందని చెప్పి, ఆ వెంటనే పొలంలో ఇద్దరి మాట చెప్పాడు. పోయినవాడు నీళ్ళు పట్టుకుపోయినవాడిలాంటి వాడైతే, ఉండిపోయినవాడే కదమ్మా బతికినవాడు?" ఆయన భూతద్దం బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్ళూ తలకిందులుగా చెప్పానేమో."

"చెప్పేశారుగా," అంది ఆమె తరుగుతున్న కూరగాయల మీంచి తలెత్తకుండా. "ఇప్పుడు తిరగేసి ఎవర్ని ఉద్ధరిస్తారు?"

ఆయన తన గదిలోకి వెళ్ళిపోయాడు. ముసలాయన్ని అంత మాట అన్నందుకు మనసు చివుక్కుమంది, కానీ వెనక్కి తీసుకోలేదు.

అత్త పోయాక ఇంట్లో నిశ్శబ్దం ముదిరింది. తెలిసి తెలిసీ రెండుసార్లు ఆ నంబరుకే చేసింది. తాళం వేసిన ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. తీసే మనిషి మట్టిలో ఉందని తెలుసు. అయినా ఫోన్ పెట్టేయలేకపోయింది. అప్పటినుంచి ఎవరూ కనిపించకపోతే కుర్చీలు తడిమి చూసేది. వెచ్చగా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళారని అర్థం. అది ఊరటో, ఇంకో భయమో ఆమెకే తెలిసేది కాదు.

ఒక సాయంత్రం కొట్టు నుంచి వచ్చేసరికి వీధి తలుపు తెరిచి ఉంది. తండ్రి గదిలో ఫోన్ మోగుతోంది. తీసేవాళ్ళు లేరు. పడుతూ లేస్తూ వెతికితే కూతురు మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని, చెవి దగ్గర ఫోన్ పట్టుకుని కనిపించింది.

"తాతయ్య తీయట్లేదు," అంది పిల్ల పెదవులు కదిపీ కదపనట్టు. "నాన్న కూడా తీయట్లేదు."

"తాతయ్యకెందుకు చేశావే?"

"అందరికంటే ముందు పోయేది తాతయ్యే కదా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చెప్పొద్దంటే చెప్పాడా ముసలాయన!"

"తాతయ్య చెప్పలేదు. నువ్వే. నీ అత్తకు ఫోన్ చేసి, అందరూ పోయి నువ్వొక్కదానివే ఉండిపోయావేమోనని అడిగేదానివిగా. ఆవిడ పోయాక కుర్చీలు ముట్టుకుని చూసేదానివి. నేనూ చూస్తాను."

తండ్రి నోటికి తాళం వేసింది గానీ, తన చేతుల సంగతి ఆమెకు తట్టనే లేదు. కూతురి పక్కనే నేల మీద కూర్చుంది. అడిగింది: "మరి నాకెందుకు చేయలేదు?"

"నువ్వెలాగూ ఉండిపోతావు కదమ్మా," అంది పిల్ల, రేపు సెలవని చెప్పినంత మామూలుగా.

అప్పుడే ఆమె భర్త మామగారి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చాడు. ఆయనకు కళ్ళు తిరిగితే ఉన్నపళంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడట, హడావిడిలో తలుపూ వేయలేదు, ఫోనూ చూసుకోలేదు. పిల్ల చివరి మాట ఇద్దరికీ వినబడింది. ముసలాయన మంచం పట్టె ఆసరాతో నేల మీద కూర్చున్నాడు.

"నేనూ ఉండిపోతానమ్మా," అన్నాడు మనవరాలితో.

"అబద్ధం. మీరు ప్రసంగి."

"ప్రసంగినే. మా చెల్లెలు బతికున్నంత కాలం, రోజూ పొద్దున్నే లేచి దాని గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి వినేవాణ్ణి. వినబడ్డాకే మొహం కడుక్కునేవాణ్ణి." మాటలు పిల్లతో అంటున్నాడు గానీ చూపు కూతురి మీద ఉంది. "నన్ను వదిలేసి పోయిందేమోనని."

ఆమెకు ఏడుపొచ్చింది. తను ఫోన్ చేస్తే అత్త తీసేది. ఈయనకు ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా మోసిన కోపాన్ని ఇప్పుడు ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

మర్నాడు బాగా తెల్లారింది. భర్త పనికి వెళ్ళిపోయాడు. తండ్రి గది తలుపు ఇంకా మూసే ఉంది. లోపల్నుంచి దగ్గు లేదు, కర్ర చప్పుడు లేదు. ఆమె పిల్లిలా నడిచి వెళ్ళి తలుపుకు చెవి ఆనించింది. పక్కన ఏదో తగిలితే చూసింది. కూతురు. అదీ ఊపిరి బిగబట్టి చెవి ఆనించి ఉంది. ఇద్దరూ కదల్లేదు. ఇంట్లో ఎక్కడా చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

అప్పుడు లోపల్నుంచి తండ్రి గొంతు వచ్చింది. చీకట్లో తప్పిపోయిన పిల్లాడి గొంతులా ఉంది.

"అమ్మాయ్... ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాం నాన్నా," అంటూ ఆమె తలుపు తోసింది.