తుడవని మూల

స్పిరిట్లో తడిపిన గుడ్డతో పలక అంచు చివరిదాకా తుడిచి, లైటు కింద వంచి చూసి, పెదవి విరిచి మళ్లీ మొదటినుంచీ తుడవసాగింది అంచులక్క. అరచేతి వెడల్పు ఉక్కు పలక. దానిమీద ఏ మచ్చా లేదు. అయినా ఆవిడ ఒప్పుకోదు. చేతి జిడ్డు కంటికి కనపడేదాకా ఆగితే ఇంక మనమెందుకూ అని ఆవిడ వాదన. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు సరిగ్గా పెట్టారు.

ఆ పలకల మధ్య పల్చటి పింగాణీ బిళ్లలుంటాయి. అన్నీ దొంతరగా పేర్చి, నిప్పులా కాగాక ఒక పక్కనుంచి గ్యాసూ ఇంకో పక్కనుంచి గాలీ పంపిస్తే కరెంటు పుడుతుంది. ఆ రెండూ సందుల్లోంచి కారి కలిశాయో, కొంప మునిగినట్టే. అందుకని గాజుపొడి ముద్దను సిరంజిలో నింపి, ప్రతి పలక చుట్టూ సన్నటి గీతలా పిండుతుంది అంచులక్క. చూసేవాళ్లకు కేకుమీద క్రీము పెట్టినంత తేలిక. ఒక్కసారి చేసి చూడమనండి, తెలిసొస్తుంది. ఫర్నేసులో ఆ గాజు మెత్తబడి ఉక్కును పట్టుకుంటుంది. నెమ్మదిగా వేడెక్కాలి, నెమ్మదిగా చల్లారాలి. తొందరపడితే పగిలి ఊరుకుంటుంది.

ఆవిడవి పొట్టి వేళ్లు, లావుపాటివి. గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటుంది. చలికి చర్మం పగిలినా క్రీము రాసుకోదు. జిడ్డు గ్లవ్సుల్లోంచి కూడా దిగుతుందని భయం. ఏళ్ల తరబడి బల్లమీదికి వంగి వంగి కుడిభుజం కిందికి జారింది. వట్టి చేతుల్తో నడుస్తున్నా బరువు సంచీ మోస్తున్నట్టే ఉంటుంది పాపం.

అద్దం గోడకు అవతల కూర్చునేది ఆవిడ సొంత చెల్లెలు. ఫర్నేసులోంచి వచ్చిన దొంతరలోకి గాలి కొట్టి, అంచులకు సబ్బునీళ్లు రాసి, ఎక్కడన్నా బుడగ లేస్తుందేమో చూడటం ఆమె పని. వానాకాలంలో అక్క చేసిన దొంతర ఒకటి బుడగలు కక్కింది. అంచులక్క అది కాదనలేదు. కానీ చెల్లెలు ఆ సంగతి ముందు మేనేజరుకు చెప్పింది. నా చెవిన ఓ మాట వేసి వెళ్తే నీ సొమ్మేం పోయేదని అక్క అడిగితే, పని దగ్గర అక్కేంటి చెల్లేంటని చెల్లెలు నోరు జారింది. అంతే, మాటలు బంద్. ఒకే బల్లమీద క్యారియర్లు విప్పుకుంటారు, ఉప్పు కావాలన్నా పక్కనున్న, ఫర్నేసు చూసుకునే ఫర్నేసన్ననే అడుగుతారు. వాళ్ల రాయబారాలు మోయలేక అతని ప్రాణం విసిగిపోయింది.

ఇవాళ్టి దొంతర ఫర్నేసులోకి వెళ్లేలోపు చెల్లి పలకరిస్తే బాగుండునని పొద్దున్నించీ అంచులక్కకు ఒకటే ఆశ. సీలు కుదిరిందని తేలాక పలకరిస్తే అది పనికి పడ్డ మార్కు. కుదరకపోతే జాలి. రెండూ వద్దు. ఉత్తినే, చెల్లెలిగా పలకరించాలి. పోనీ తనే పలకరించొచ్చుగా? అదిగో, అక్కడే వస్తుంది తంటా. పెద్దదాన్ని, నేనే తగ్గాలా అని బెట్టు. చెల్లెలు మాత్రం తక్కువ తిందా? మొండితనంలో ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. భోజనాల దగ్గర చెల్లెలు గొంతు సవరించుకుంటే అంచులక్క చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. చెల్లెలు మంచినీళ్లు తాగి లేచి వెళ్లింది.

సాయంత్రానికి పలకలన్నీ పేర్చి, పైన మూతపలక పెట్టింది. దాని పైముఖానికి సీలుతో పనిలేదు. అందుకే అక్కడ మాత్రం గ్లవ్సు తీసి, ఉత్త బొటనవేలితో మూల నొక్కి చూస్తుంది, సరిగ్గా కూర్చుందో లేదోనని. వెంటనే స్పిరిట్ గుడ్డతో తుడిచేస్తుంది. తుడవకపోతే వేలిముద్ర ఆ వేడికి ఉక్కుమీద అచ్చు పడిపోతుంది. నష్టమేం లేదుగానీ, చూసినవాళ్లేమనుకుంటారు?

నొక్కింది. బాగానే కూర్చుంది. అంచులు ఇంకోసారి చూద్దామని కళ్లజోడు కోసం బల్ల తడిమింది. సొరుగు లాగింది. వంగి బల్లకింద వెతికింది. అద్దం తలుపు తెరుచుకుంది.

"అక్కా, కళ్లజోడు నీ నెత్తిమీదే ఉంది."

అంచులక్క బల్లకిందే కళ్లు తుడుచుకుని లేచింది.

"తెలుసులేవే."

"ఏం తెలుసు? ఇందాకట్నుంచీ చూస్తున్నాను."

"చూస్తూ కూర్చోకపోతే చెప్పొచ్చుగా."

"చెప్పానుగా. ఈసారి ముందు నీకే చెప్పాను, మేనేజరుకు కాదు."

నవ్వొచ్చేసింది ఇద్దరికీ. అంచులక్క చెల్లెలి వీపుమీద ఒక్కటి చరిచింది, ఆ చేతిని అక్కడే ఉంచేసింది. తన చాకిరీ వదిలిందని ఫర్నేసన్న పైకే అనుకుంటూ, దొంతరను ఫర్నేసులో పెట్టి, పైన బరువు పెట్టి తలుపు మూశాడు. మూల తుడవాల్సిన గుడ్డ మడత విప్పకుండా బల్లమీదే ఉండిపోయింది.

అంచులక్క ఇంటికి వెళ్లి చెప్పులైనా విడవకుండా, చెల్లి మాట్లాడిందని మొగుడికి చెప్పింది. ఏమందని ఆయన అడిగాడు. కళ్లజోడు నెత్తిమీదుందని అందట. ఇంతోటిదానికా ఇన్నాళ్లని ఆయన నవ్వితే, ఆవిడ అదంతా మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. ఆదివారం చెల్లెల్ని భోజనానికి పిలుద్దామంది. ఒళ్లు బరువుగా ఉంది, అన్నం ఉడికేలోపు కాస్త నడుం వాలుస్తానని మంచమెక్కింది. ఆయన కంచాలు పెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. నిద్రలోనే వెళ్లిపోయింది మహాతల్లి.

అక్క చివరి దొంతరను తను వచ్చేదాకా ఇంకెవరూ ముట్టుకోవద్దని చెల్లెలు ముందే చెప్పింది. అక్కను సాగనంపి పనిలోకి వచ్చిన రోజున, ఫర్నేసన్న దాన్ని తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. గాలి కొట్టింది. అంచులకు సబ్బునీళ్లు రాసింది. కళ్లలో వత్తులేసుకుని నాలుగు వైపులా చూసింది. ఒక్క బుడగ లేస్తే ఒట్టు. ఈ కబురు ముందు అక్కకే చెప్పాలని అద్దం గోడ వైపు తిరిగింది. అవతల బల్ల ఖాళీగా ఉంది. అప్పుడు ఏడ్చింది, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా.

ఫర్నేసన్న సబ్బునీళ్లు తుడవడానికి స్పిరిట్ గుడ్డ తెచ్చి, మూతపలక వైపు చూసి ఆగిపోయాడు.

"ఇది తుడిస్తే పోదమ్మా."

"పోకూడదన్నా," అంది చెల్లెలు.

పలక మూలన, బరువు ఆనని చోట, గోధుమరంగు తిరిగిన పొట్టి బొటనవేలి గీతలు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి.