నత్తి లేని మేస్త్రీ

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. పగలంతా బస్సుల కింద పడుకుని నట్లు బిగిస్తాడు, మిగతా వేళల్లో జనం గొంతులు దొంగిలిస్తాడు. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే వెనకనుంచి మా అత్తగారు "ఉప్పు చూసి వెయ్యి" అంటారు. ఉలిక్కిపడి తిరిగితే ఈయన. కాపురానికి వచ్చిన కొత్తలో భయపడేదాన్ని, తరవాత కోప్పడేదాన్ని, ఇప్పుడు గరిటె చూపిస్తాను. అయినా ఇంతమంది ఒక్క గొంతులో ఎలా ఇరుక్కుని కాపురం చేస్తున్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. నా గొంతు కూడా డిపోలో అచ్చంగా దించేస్తాడట. నా ఎదుట మాత్రం ఎంత బతిమాలినా చెయ్యడు. విన్నవాళ్ళు నన్ను చూడగానే తల దించుకుని నవ్వుతారు, అదీ నా ఒళ్ళు మండే సంగతి.

డిపో వార్షికోత్సవంలో చివరి అంశం ఎప్పుడూ ఈయన మిమిక్రీయే. కిందటేడు టికెట్ల గుమాస్తా నడకను అనుకరిస్తే ఎవరో పైకి ఫిర్యాదు చేశారు. గుమాస్తా చెయ్యలేదు, అతను ముందు వరసలో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. చేసిందెవరో తెలియదు. ఈ ఏడు కొత్తగా వచ్చిన ఆఫీసరు ఈయన్ని పిలిపించి, తనకేమీ అభ్యంతరం లేదని, తానూ నవ్వే మనిషేనని, కానీ ఎవరైనా నొచ్చుకుంటే డిపోకే చెడ్డపేరని చెప్పాడు. ఎవరిని అనుకరించాలన్నా ముందు వాళ్ళ అనుమతి తీసుకోవాలి. ఒంటిలోనో మాటలోనో ఉన్న లోపాలను ముట్టుకోకూడదు. పోయినవాళ్ళ జోలికి అసలే వెళ్ళకూడదు.

"ఇంతకీ ఆ ఎవరైనా అన్నవాడు ఎవడండీ?" అని అడిగాను.

అది ఆఫీసరునే అడగాలన్నాడు ఈయన. నాకు మాత్రం ఆ మనిషిని ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది. ఏనాడూ డ్యూటీకి వచ్చిన దాఖలా లేదు, పెత్తనం మాత్రం డిపో అంతటి మీదా అతనిదే.

ఈయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. ఏ సామాను అడిగినా "ఉందిగానీ లేదు" అనే స్టోర్ కీపరు, తనను నిరభ్యంతరంగా అనుకరించవచ్చన్నాడు, ఆ ఒక్క మాట తప్ప. క్యాషియరు తన గొంతు సవరింపు వద్దన్నాడు. క్యాంటీనావిడ మాటల చివర తన సాగదీత వద్దంది. రోజూ భోజనం దగ్గర ఈయన ఇవన్నీ చెబుతుంటే నాకు వింతగా ఉండేది. ఎవరిని దేనితో చీకట్లోనైనా పోల్చుకుంటామో సరిగ్గా దాన్నే తీసెయ్యమంటున్నారు. పోనీ పేచీ ఉండదని వాచ్‌మన్‌ను వదిలేద్దామంటే అతనికి కోపం వచ్చింది. అందరినీ అడిగి తనను అడగలేదట, తాను మనిషి కాదా అట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మనుషులెందుకు, బస్సులను చేసుకోండి అని సలహా ఇచ్చాను. హారన్లు, బ్రేకులు, తలుపు కిర్రుమనడం చక్కగా సాధన చేశాడు. అంతలో పాత బస్సు డ్రైవరు ఇంటికొచ్చి, ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే ఆ దగ్గు తన బస్సుదేనని అందరికీ తెలిసిపోతుందని, దయచేసి తగ్గించమని అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కాబోలు.

వార్షికోత్సవం రోజున నేను రెండో వరసలో కూర్చున్నాను. నా ముందు కుర్చీలో మేస్త్రీగారి భార్య. మేస్త్రీగారంటే మొన్నటిదాకా షెడ్డు మొత్తానికి పెద్ద, మా ఆయనకు పని నేర్పిన గురువు. కొన్ని నెలల కిందట గుండె ఆగి పోయారు. ఆయనకు నత్తి. ఆయన ఉండగా ఏ వేడుకకూ రాని మనిషి ఇప్పుడు ఒంటరిగా ఎందుకొచ్చిందా అని ఆ సాయంత్రమంతా ఆమె మెడ వైపే చూస్తూ కూర్చున్నాను. ఈయన స్టోర్ కీపరు గొంతు తీస్తే జనం పక్కవాళ్ళను "ఎవరది?" అని అడిగారు. క్యాషియరు గొంతు తీస్తే క్యాషియరే గుర్తుపట్టలేదు. హారన్లకు కాస్త చప్పట్లు పడ్డాయి. అందరిలోకీ ఎక్కువ సంతోషించింది ఆఫీసరే, ఎవరూ నొచ్చుకోలేదని. నిజమే, ఎవరూ నవ్వనూ లేదు. మేస్త్రీగారి భార్య చివరిదాకా కూర్చుంది. తెర పడ్డాక కూడా స్టేజీ వైపు కాసేపు చూసి, లేచి వెళ్ళిపోయింది.

తరవాతి ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండానే అడిగింది.

"తమ్ముడూ, మా ఆయన గొంతు తీసేవాడివట కదా. ఆయనే చెప్పారు. నవ్వుకుంటూ చెప్పేవారు."

ఈయన మొహంలో రంగు పోయింది. అప్పుడెప్పుడో షెడ్డులో సరదాకి చేశానన్నాడు. ఆమె తగువుకి రాలేదు. మేస్త్రీగారు నత్తికి సిగ్గుపడి ఫోన్లో మాట్లాడేవారు కాదట. పెళ్ళిళ్ళలో వీడియో తీస్తుంటే పక్కకు తప్పుకునేవారట. ఫోటోలు బోలెడున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. అది రోజురోజుకీ తన చెవిలోంచి జారిపోతోందని, ఇంకొన్నాళ్ళు పోతే పూర్తిగా మరిచిపోతానేమోనని భయంగా ఉందని చెప్పింది. ఆ రోజు సభకు వచ్చింది కూడా అందుకే. అంతసేపూ కూర్చుని హారన్లు విని వెళ్ళింది.

ఈయన ఇంకా నీళ్ళు నములుతున్నాడు. పోయినవాళ్ళ జోలికి వెళ్ళొద్దన్నారని, బాగుండదని ఏదో గొణిగాడు. నేను ఉరిమి చూశాను. చివరికి లేచి, వీధివైపు కిటికీ మూసి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ స్పానర్ ఇలా ఇవ్వు. తొందరెందుకురా? బస్సు ఎక్కడికీ పోదు."

అదే బరువు, అదే మెత్తదనం. మేస్త్రీగారు మా గదిలోకి నడిచి వచ్చినట్టే ఉంది. ఆమె కళ్ళు మూసుకుని వింది. తరవాత కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది.

"గొంతు ఆయనదే. మనిషి ఆయన కాదు. నత్తి ఏది తమ్ముడూ?"

"అది... బాగుండదని తీసేశానక్కా."

"ఎవరికి బాగుండదు?"

ఈయన నా వైపు చూశాడు. నాకు ఇక ఓపిక చచ్చింది. ఆ ఎవరైనా అన్నవాడు ఈ గదిలో లేడు, ఉన్నది ముగ్గురమే, కావాలంటే మంచం కింద కూడా చూసుకోండి అన్నాను. ఆమె నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

ఆయన ఎదుట అందరూ నత్తి లేనట్టే నటించేవారట. తానైతే ఇంకో మెట్టు ఎక్కింది. మాట ఆగితే ఆయన చిన్నబుచ్చుకుంటారని, పెళ్ళయిన నాటినుంచీ ఆ మాటను తానే అందుకుని పూర్తి చేసేది. ఒక్కోసారి ఆయన అనబోయింది అది కాదని మొహం చూస్తే తెలిసేది. అయినా సరేలే అన్నట్టు తల ఊపి ఊరుకునేవారు.

"అలా ఎన్ని మాటలు మింగేశారో నాకు తెలియదు," అంది.

సాయంత్రం షెడ్డు మూసే ముందు మేస్త్రీగారు రోజూ కుర్రాళ్ళతో ఒక మాట అనేవారని, అదే అంటానని ఈయన చెప్పాడు. భుజాలు కాస్త వంచాడు, గడ్డం పైకెత్తాడు.

"కా... కానియ్యండ్రా. ఇం... ఇంటికి పోవాలి. మా ఆవిడ క... క... క..."

మాట అక్కడ ఆగిపోయింది. దవడ బిగుసుకుంది, కనురెప్పలు వణికాయి. ఆమె పెదాలు కదిలాయి. కసురుతుంది అనబోతోందని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే నా నాలుక చివరా అదే ఉంది. కానీ ఆమె అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. మా ఆయన గొంతులో ఆ అక్షరం కొట్టుకుంటూనే ఉంది. ఎంతసేపు ఆగిందో. చూస్తున్న నాకే ఎవరైనా అందుకుని ఆ మాట పూర్తి చేస్తే బాగుండుననిపించింది. ఆమె కదల్లేదు.

"క... క... కనిపెట్టుకుని ఉంటుంది," అన్నారు మేస్త్రీగారు.

ఆమె చెయ్యి నోటి మీదినుంచి జారి ఒడిలో పడింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"రోజూ ఇదే అనేవారా?"

"రోజూ అనేవారక్కా."

ఆమె కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకుని కూర్చుంది.

"ఇంకోసారి అను తమ్ముడూ. తొందరేం లేదు. మధ్యలో అందుకోను."