పసుపు గీతకి ఎడమవైపు

డ్రైవింగు మాస్టారికి ఆ పళ్ళ డాక్టరంటే ఒళ్ళుమంట. ఎందుకని అడిగితే నలుగురికీ ఒక కారణం చెప్పేవాడు, తన మనసుకి ఇంకోటి చెప్పుకునేవాడు. నలుగురికీ చెప్పేదేమిటంటే, ఆ మనిషి నడకబాట మీద సైకిలు మరీ జోరుగా తొక్కుతాడని. అది శుద్ధ అబద్ధం. ఆ బాట మీద అంత ఒద్దికగా సైకిలు తొక్కేవాడు ఇంకొకడు లేడు. అసలు కారణం వేరే. రోజూ పొద్దున్నే ఆ డాక్టరు పక్కనుంచి వెళ్తూ "గుడ్‌మార్నింగ్ మేడమ్" అంటే మాస్టారి భార్య నవ్వుతుంది, బదులు చెబుతుంది. మాస్టారు మాట్లాడితే నవ్వడం మాట దేవుడెరుగు, తల కూడా తిప్పదు.

చెరువు వెంబడి పూర్వం రైలు నడిచేది. రైలు మానేశాక పట్టాలు పీకేసి, నాలుగు కిలోమీటర్ల పొడవునా సిమెంటు బాట వేసి, మధ్యలో పసుపు గీత గీశారు. నడిచేవాళ్ళు ఎడమవైపు ఉండాలి, సైకిళ్ళు కుడివైపునుంచి దాటాలి, దాటేముందు బెల్లు కొట్టాలి, కుక్కల్ని పొట్టి తాడుతో పట్టుకోవాలి, వంతెన మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. ఇదంతా బోర్డు మీద రాసి ఉంది. బోర్డుని ఎవరూ చదవరు కాబట్టి మాస్టారే నోటితో చెప్పేవాడు. నలుగురు ఆడవాళ్ళు బాటంతా ఆక్రమించి కబుర్లాడుకుంటూ వస్తే ఆపి, రోడ్డు మీద నాలుగు లారీలు ఇలాగే వస్తే మీకెలా ఉంటుందని అడిగేవాడు. పరిగెత్తే మనిషి ఒకడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగితే, ఇండికేటరు వేయకుండా తిరగడమేమిటని నిలదీశాడు. పాపం, ఆ మనిషి మర్నాటినుంచి తిరిగేముందు చెయ్యి చూపించడం మొదలుపెట్టాడు. బాట మీద అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారనేవాళ్ళు. నేర్పే కారులో ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, అందుకు.

ఇరవయ్యారేళ్ళుగా ఆయన కూర్చునేది ఎడమ సీట్లోనే. నేర్చుకునేవాళ్ళు కుడి సీట్లో, స్టీరింగు ముందు. ఆ అలవాటు ఒంటికి పట్టేసి, నడిచేటప్పుడు కూడా భార్యకి ఎడమ పక్కనే నడిచేవాడు. తను ఆవిడకి కుడిపక్కకి వస్తే ఆయనకి నడక తడబడేది.

ఆవిడ లైబ్రరీలో కౌంటరు దగ్గర పని చేస్తుంది. నాలుగు నెలల కిందట ఆవిణ్ణి ఊరి రెండో కొసన ఉన్న శాఖకి మార్చారు. రెండు బస్సులు మారాలి. నేనూ కారు నేర్చుకుంటాను, నేర్పండి, అని ఆవిడే నోరు తెరిచి అడిగింది. ఊళ్ళో సగంమందికి నేర్పినవాడు కట్టుకున్నదానికి నేర్పడా? నేర్పాడు. నేర్పడమంటే ఏముంది, మైదానంలో మిగతా నలుగురు విద్యార్థులతోపాటు వంతు వేసి నేర్పాడు. మొదటి వారమంతా ఆయన క్లచ్చంటే ఈవిడ తనపాటికి తాను పోనిచ్చింది. రెండో వారం ఆయన ఆపు ఆపు అంటూండగానే తిన్నగా వెళ్ళి గేటు స్తంభానికి గుద్దింది. ఆయన బ్రేకు తొక్కబట్టి దీపం ఒక్కటే పగిలింది. దీపం పగిలితే పోనీ, మాస్టారికి నోరు కూడా జారింది. కారు దిగి, ఆ నలుగురూ గుడ్లప్పగించి చూస్తూండగా, "గొంతు చించుకుంటున్నాను, చెవుడా నీకు? ఇది నీ వల్ల అయ్యే పని కాదు, దిగు," అనేశాడు.

ఆవిడ దిగింది. తాళం ఆయన చేతిలో పెట్టి బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ తరవాత మళ్ళీ కారు మాటెత్తలేదు.

తప్పు చేశానని మాస్టారికి ఆ సాయంత్రమే తెలిసింది. తెలిస్తే ఏం లాభం, నోరు పెగలాలి కదా. పదిహేను రోజులు లోపల్లోపల కూడబలుక్కుని, ఒకరోజు, వాన వెలిసిన మర్నాడు, బాట మీద నడుస్తూ చెరువు వైపు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే. మనసులో పెట్టుకోకు." పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆవిడ చెరువులో బాతుల్ని చూస్తూ నడిచింది. ఔననలేదు, కాదనలేదు. కనీసం ముక్కు కూడా చీదలేదు. మాస్టారి ప్రాణం చివుక్కుమంది. మనిషన్నవాడు దిగొచ్చి క్షమాపణ చెబితే గోడకి చెప్పినట్టుంటే ఎలా ఉంటుందో చెప్పుకున్నవాడికే తెలుస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన కంట్లో పడ్డాడు పళ్ళ డాక్టరు. యాభై దాటినా నిటారుగా, నెత్తిన తెల్ల హెల్మెట్టుతో, బెల్లు రెండుసార్లు కొడుతూ వచ్చేవాడు. మాస్టారు కనిపెట్టాడు, మిగతా జనానికి అతను ఒక్కసారే కొడతాడు. మాస్టారి భార్య ఉన్నచోట మాత్రం ఇరవై గజాల దూరంలోనే మొదలుపెట్టి రెండుసార్లు. పైగా వేగం తగ్గించి, ఆవిడ పక్కకొచ్చాక ఆవిడ మొహంలోకి చూసి మరీ గుడ్‌మార్నింగు. ఇక ఈవిడ, రాత్రి కూరలో ఉప్పెక్కువైందా అని మొగుడు అడిగితే వినిపించుకోని మనిషి, చేటంత మొహం చేసుకుని నవ్వేది. పళ్ళ డాక్టరుకి పళ్ళన్నీ చూపించడమేమిటో! ఫీజు మిగులుతుందనా?

మాస్టారు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. నడకకి వేళ మార్చి చూశాడు, అరగంట ముందు బయల్దేరదీశాడు. వంతెన దాటేసరికి వెనక టింగు టింగు. చెరువుకి అవతలి కొసనుంచి మొదలుపెడదామన్నాడు. ఎదురుగా టింగు టింగు. అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చుకుని చూసుకున్నాడు. ఊపిరి వదలగానే అది మళ్ళీ తన చోటుకొచ్చింది. ఇవన్నీ ఇలా ఉండగా, ఒక ఆదివారం ఇంటి తాళం కోసం భార్య సంచీలో చెయ్యి పెడితే చీటీ ఒకటి తగిలింది. పళ్ళ డాక్టరు క్లినిక్ ఉన్న భవనం పేరు, రెండో అంతస్తు, సాయంత్రం అయిదున్నర, టోకెను నంబరు తొమ్మిది. మనిషి పేరు లేదు, జబ్బు పేరు లేదు. ఆవిడ పళ్ళు రాళ్ళు నమిలినా చెక్కుచెదరవు. మాస్టారు చీటీని ఎక్కడిదక్కడే పెట్టేశాడు. అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే ఆవిడ నిజం చెప్పేస్తుందేమోనని భయం. ఆవిడ నవ్వు పోతే పోయింది, ఆవిడే చేజారిపోతుందేమోనని ఆ రాత్రి ఆయనకి కన్ను మూతపడలేదు.

సోమవారం పొద్దున్న బాట మీద జనం పల్చగా ఉన్నారు. వంతెన ఇంకా వంద గజాలుందనగా వెనక టింగు టింగు వినిపించింది. భార్య దారివ్వడానికి, ఎప్పటిలాగే, ఒక అడుగు ఎడమకి జరిగింది. అదిగో, అప్పుడు రోషం పొడుచుకొచ్చింది మాస్టారికి. ఎవడో బెల్లు కొడితే ఈవిడ జరగాలి, ఈవిడ జరిగితే నేను మట్టిలోకి దిగాలి. ఏం, ఈ బాట వాడి అత్తారిల్లా? వాడే ఆగాలి, దిగాలి, దారి అడగాలి. అనుకున్నదే తడవు భార్య వెనకనుంచి చరచరా కుడికి నడిచి పసుపు గీత దాటేశాడు. ఇరవయ్యారేళ్ళుగా ఊరందరికీ చెప్పిన మనిషి, వెనక్కి చూడలేదు, చెయ్యి చూపలేదు.

డాక్టరు అప్పటికే పక్కదాకా వచ్చేశాడు. మాస్టారిని తప్పించబోయి సైకిలు గడ్డిలోకి తిప్పి దబ్బున పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం వచ్చింది. మాస్టారు నిలువునా కొయ్యబారిపోయాడు. లేస్తూనే డాక్టరు అడిగిన మొదటి మాట, మేడమ్‌కి ఏమీ తగల్లేదు కదా అని. ఆ స్థితిలో కూడా మాస్టారి కడుపు భగ్గుమంది, అదీ చెప్పుకోవాలి. భార్య పరిగెత్తుకొచ్చి సైకిలు లేపి, సంచీలోని రుమాలు తీసి అతని మోచేతికి కట్టింది. అది మాస్టారి రుమాలే.

డాక్టరు గొంతు పెంచలేదు కానీ, మొహం ఎర్రబడింది. "ఏంటి మాస్టారూ ఇది? ఆవిడకి ఎడమ చెవి వినపడదు కాబట్టే నేను కుడిపక్కనుంచి, అంత దూరాన్నుంచి బెల్లు కొట్టుకుంటూ వస్తున్నా. మీకు రెండు చెవులూ బానే ఉన్నాయిగా. వెనక్కి చూడకుండా గీత దాటితే ఎట్లా?"

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ గడ్డి వైపు చూసింది. డాక్టరు ఇద్దర్నీ చూసి, తను అనకూడనిదేదో అనేసినట్టు గ్రహించి, క్లినిక్కుకి వేళవుతోందని గొణిగి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

వంతెన పక్క బెంచీ మీద కూర్చున్నాక ఆవిడ చెప్పింది, అడగకుండానే. కొత్త శాఖకి మారిన వారంలోనే పెద్ద జలుబు చేసి ఎడమ చెవి మూసుకుపోయింది. జలుబుతో వచ్చింది జలుబుతో పోతుందనుకుంది. పోలేదు. ఒకరోజు మాస్టారు లైసెన్సు పరీక్షకి విద్యార్థుల్ని తీసుకెళ్ళి నడకకి రాలేదు. ఆ రోజు కుడిపక్క కుక్క అడ్డం రావడంతో డాక్టరు ఎడమనుంచి దాటబోయాడు. బెల్లు వినపడక ఈవిడ అతని మీదికే నడిచింది. అతను సైకిలు దిగి, ఏమ్మా, ఆ చెవి వినపడదా అని అడిగాడు. అవునంది. తన భవనంలోనే రెండో అంతస్తులో చెవి డాక్టరున్నాడని చెప్పి పంపించాడు. నరం దెబ్బతింది, ఇక రాదు అన్నాడట ఆ చెవి డాక్టరు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నలుగురి ముందు చెవుడా అని అరిచారు. అవునండీ అని చెప్పమంటారా?"

మాస్టారికి అప్పుడర్థమైంది. ఎడమ సీట్లో కూర్చుని క్లచ్చు, గేరు, ఆపు అని తను అరిచిందంతా పనిచెయ్యని చెవిలోనే పోశాడన్నమాట. పరాయివాడికి ఆ ఒక్క ముక్క అడగడానికి అర నిమిషం పట్టింది. ఒకే మంచం మీద పడుకునే తనకి నాలుగు నెలలు పట్టినా తోచలేదు. అసూయ పోయిందనుకుంటున్నారేమో, పోలేదు. ఇంకా పెరిగింది. ఇందాకటిదాకా ఆ డాక్టరుకి దక్కిన నవ్వుని చూసి కుళ్ళుకున్నాడు, ఇప్పుడు అతను అడిగిన ఆ ప్రశ్నని చూసి కుళ్ళుకున్నాడు. అది తనది కావాల్సిన ప్రశ్న.

అంత కుళ్ళులోనూ ఒక ఆశ తళుక్కుమంది. వినపడకే కదా మాట్లాడలేదు! కూరలో ఉప్పు సంగతీ అంతే, ఇన్నాళ్ళ మౌనమూ అంతే. ఆ క్షమాపణ కూడా పాపం చెవిన పడి ఉండదు. మాస్టారి గుండె తేలికపడింది. లేచి వెళ్ళి ఆవిడకి కుడిపక్కన కూర్చున్నాడు. "ఆ రోజు, వాన వెలిశాక, నడుస్తూ నీకో మాట చెప్పాను. నీకు వినపడలేదేమో," అన్నాడు.

"అది విన్నాను."

ఆయన తెల్లబోయాడు.

"ఎడమపక్కంతా నీళ్ళు నిలిచాయని ఆ రోజు మీరు కుడిపక్కన నడిచారు. అంతా విన్నాను. తిట్టింది నలుగురి ముందు. తప్పు నాదంది చెరువు ముందు. దానికి నేనేం జవాబు చెప్పాలి?"

ఆవిడ గొంతులో కోపం లేదు. లైబ్రరీలో ఎవరికో పుస్తకం ఏ బీరువాలో ఉందో చెబుతున్నట్టు చెప్పింది. నడిచేవాళ్ళు నడుస్తున్నారు, ఆ పరిగెత్తే మనిషి చెయ్యి చూపించి వెనక్కి తిరిగాడు.

"ఇవాళ మైదానంలో క్లాసు ఎన్నింటికి?" అంది ఆవిడ.

"పదింటికి."

"ఆ నలుగురూ ఉన్నారా?"

"ఒకతను పాసైపోయాడు. ముగ్గురున్నారు. కొత్తగా ఇంకో ఇద్దరు చేరారు."

"ఇవాళ నాకు మధ్యాహ్నం డ్యూటీ. పదింటికి వస్తాను," అంది.

మాస్టారికి ఆ అయిదుగురి మొహాలూ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. అయినా, ఆవిడకి వినపడేటట్టే, "రా," అన్నాడు.