నలభై చేటల దరువు

నేను ఒక చేటను. మేదరి ఎల్లవ్వ నన్ను అల్లి, అంచు మీద వేలితో కొట్టి, ఆ చప్పుడు విని తల ఊపింది. వెదురుకు గొంతు ఉంటుందని ఆమెకు తెలుసు. నాకు తెలియడానికి ఏళ్ళు పట్టింది.

బియ్యం చెరగడానికే పుట్టాననుకున్నాను. పోశవ్వ నన్ను కొని బీడీల కార్ఖానాకు తీసుకుపోయింది. అక్కడ నలభై మంది ఆడవాళ్ళు, నలభై ఒళ్ళలో నలభై చేటలు. ఆకులో తంబాకు పరచడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. నాలుగు పనులు. వాళ్ళు పాడుకునే పాటకూ నాలుగు దెబ్బలే. పోశవ్వ కళ్ళకు పొరలు కమ్మాయి. ఆ సంగతి మేనేజరు విఠల్‌కు తప్ప అందరికీ తెలుసు. ఆమె పాటను పట్టుకుని బీడీ చుట్టేది.

ఒకనాడు పాటలోకి విఠల్ పేరు వచ్చింది. అందరూ నవ్వారు.

"పని జేసేకాడ పాటలేంది? ఇగ ఎవ్వరి నోరు లేవొద్దు," అన్నాడతను.

తర్వాతి నిశ్శబ్దాన్ని అతను క్రమశిక్షణ అనుకున్నాడు. అది నలభై వేర్వేరు భయాలని ఒళ్ళో కూర్చున్న నాకు తెలుసు. పోశవ్వ వేళ్ళు నాలో తడుముకున్నాయి. దారం జారింది. సాయంత్రం విఠల్ ఆమె బీడీలు పక్కన పారేసి, ముఖంలోకి చూశాడు.

"కండ్లు గనవడ్తలేవా అవ్వా? రేపొక్కరోజు సూస్త. గిట్లనే ఉంటే ఇగ రాకు."

మర్నాడు ఆకు పట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది. పక్కనున్న గంగమణి తంబాకు పరిచి, తన చేట అంచును గోటితో ఒకసారి కొట్టింది. చుట్టి, మరోసారి. మూడో దెబ్బకు వెనక వరుస కలిసింది. కాసేపటికి నలభై చేటలు మోగాయి. నాలోని తంబాకు పొడి లేచి ఆడింది. ఇంత చప్పుడు నాలో ఎక్కడ దాగిందో ఇప్పటికీ తెలియదు. పోశవ్వ వేళ్ళకు దారి కనిపించింది.

విఠల్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందా సప్పుడు?"

"నోరు లేవొద్దంటిరి గద సారూ. లేవలే. సూసుకోండ్రి," అంది గంగమణి.

ఎవరు మొదలుపెట్టారో వెతికాడు. ఒక్క చెయ్యీ ఆగలేదు. పోశవ్వ కట్టిన కట్ట ఎత్తి, తిప్పి, మెల్లగా నాలోనే పెట్టి వెళ్ళాడు. వారం తిరక్కుండా పాట తిరిగి వచ్చింది, అతని పేరుతో సహా.

పోశవ్వ ఇప్పుడు లేదు. గంగమణి ఇంట్లో బియ్యం చెరుగుతున్నాను. ఏమీ తోచనప్పుడు ఆమె నా అంచు మీద నాలుగు దెబ్బలు వేస్తుంది. మిగతా ముప్పై తొమ్మిది చేటలు జవాబిస్తాయేమోనని నేను ఇంకా చెవి ఒగ్గుతాను.